గుమ్మడికాయ బదులు

కొండకింద పేటలో బుట్టలల్లే పైడితల్లికి కంప్యూటర్లో కారు పందేలంటే ప్రాణం. పేటలో ఆ ఆటకే పోటీ పెట్టారు. తీరా చూస్తే ఆమె పాత కంప్యూటర్లో కారు ఆగి ఆగి కదుల్తోంది. పెట్టెను నెత్తిన పెట్టుకుని గవరయ్య కొట్టుకెళ్లింది.

పేటకంతా కంప్యూటర్ల కొట్టు అదొక్కటే. గవరయ్య మూత విప్పి చూసి పెదవి విరిచాడు.

“ఇందులో ఒక్క ముక్కా పనికిరాదు. కొత్తది కొనుక్కో. ఈ చెత్త ఇక్కడే పడేసిపో.”

“సరే బాబూ, కొత్తదే ఇయ్యి. కొత్త వస్తువుకి దిష్టి తియ్యాలి కదా! గుమ్మడికాయ ఎందుకు దండగ? ఈ చెత్తనే పగలగొడతాను,” అంటూ పైడితల్లి పెట్టెను తలపైకెత్తింది.

“ఆగాగు! లోపల బంగారంలాంటి ప్రాసెసరుంది!” అని గవరయ్య రెండు చేతులా పట్టుకున్నాడు.

కొట్లో జనం గొల్లుమన్నారు.

“అంచు ఊడితే మేం అంచే అల్లుతాం బాబూ, బుట్ట పారెయ్యం. పాడైందేదో అదొక్కటే మార్చు.”

గవరయ్య తెరమీద బొమ్మల్ని కదిలించే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్చాడు.

పోటీలో గవరయ్య కొడుకు సరికొత్త కంప్యూటర్ మీద ఆడి రెండోవాడయ్యాడు. పైడితల్లి తన పాత పెట్టెను ముద్దుగా తట్టి, గవరయ్య వైపు తిరిగింది.

“ఇప్పుడు తే బాబూ గుమ్మడికాయ. నా పెట్టెకి దిష్టి తగుల్తుంది!”