సముద్రదేవుడి రెండో భార్య

ఊఁ కొట్టేవారుంటేనే కథకు కాళ్లొస్తాయి. కనుక ఊఁ కొడుతూ వినండి.

వేలాపురి రేవులో దిగిన పరంగి వర్తకుడొకడు మల్లభూపతికి ఒక కాగితం కానుకగా ఇచ్చాడు. రాగిరేకుపై చెక్కి, సిరా పూసి అద్దిన పతకం బొమ్మ అది. నడుమ వారి సముద్రదేవుడు. ఆయనకు ఎడమవైపు చేపతోక కన్య, కుడివైపు రెక్కల గుర్రం. చుట్టూ అల్లిన తీగలు ఒకవైపు ఒకలా, మరోవైపు మరోలా ఉన్నాయి.

“రాణి మెడలో ఇది ఉండాలి,” అన్నాడు రాజు.

ఆస్థాన కంసాలి వీరోజు పతకం చేసి తెచ్చాడు. అందులో రెండువైపులా చేపతోక కన్యలే ఉన్నారు.

విద్యాభూషణ సోమనార్యుడు ముక్కు చిట్లించాడు. పరంగి శాస్త్రాలన్నీ ఆయనకు కంఠస్థమని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిని తెచ్చినవాడూ ఆయనే. ఆయనకు వచ్చిన పరంగి మాటలు మూడు. మూడూ సారాయి పేర్లు.

“ప్రభూ, ఎడమన ఉన్నది దేవేరి, కుడిన ఉన్నది వాహనం. ఈ ఘనుడు వాహనాన్ని ఊడబెరికి దేవుడికి రెండో పెళ్లి చేశాడు. ఆయన అలిగితే మన ఓడలేం కావాలి?”

వీరోజు చేతులు కట్టుకున్నాడు. “అది ఒక్క నగ కాదు దొరా. సగం సగం గీసిన రెండు నమూనాలు. నచ్చిన సగాన్నే రెండోవైపూ చేసుకోవాలట. వర్తకుడే చెప్పాడు.”

“వర్తకుడి ఓడ వెళ్లిపోయాక సాక్ష్యం చక్కగా గుర్తొచ్చింది,” అన్నాడు సోమనార్యుడు.

ఓడలంటే రాజుకు ప్రాణం. “వీరోజూ, పొద్దు వాలేలోగా పెళ్లాంపిల్లలతో ఊరు విడిచిపో,” అన్నాడు.

అంతదాకా రాణిగారికి అద్దం పట్టుకుని నిలబడిన చెలికత్తె కామసాని ముందుకొచ్చింది.

“స్వామీ, ఆ దేవుడికి భార్యలెందరు?”

“ఒక్కతే. కాగితంలో రెండో ఆమె కనబడితే నా బిరుదు వదులుకుంటాను.”

“బిరుదు పోతే తమ దగ్గర ఇంకేం మిగులుతుంది స్వామీ? ఆలోచించుకోండి.”

“అన్న మాట అన్నదే.”

కామసాని కాగితాన్ని రాజు ముందు పరిచి, బొమ్మకు సరిగ్గా నడుమ అద్దాన్ని నిలువుగా ఆనించి, ఎడమ సగానికి ఎదురుగా పట్టింది. అద్దంలో రెండో కన్య వెలిసింది. కాగితంపై పొంతన కుదరని తీగలు అతుకు లేకుండా కలిశాయి. అచ్చం వీరోజు చేసిన పతకమే. ఆమె అద్దాన్ని కుడి సగం వైపు తిప్పింది. కన్యలు పోయి, జంట గుర్రాల పతకం నిలిచింది.

“ఇదంతా అద్దం చేసే మాయ ప్రభూ,” అన్నాడు సోమనార్యుడు.

“అద్దం ఉన్నదాన్నే చూపిస్తుంది స్వామీ. లేనిదాన్ని చూపించడానికి తమరున్నారు కదా.”

రాజు పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడని రూఢి చేసుకుని సభ కూడా నవ్వింది.

“వీరోజూ, నువ్వెక్కడికీ పోవద్దు. ఆ గుర్రాల పతకం కూడా చెయ్యి. అది కామసానికి. ఆర్యా, తమరు బిరుదు ఇక్కడ పెట్టి వెళ్లండి.”

ఈ కథ నాకు మొదట చెప్పింది మా నాయనమ్మ వెంకాయమ్మ.