మేరకపాడు ఆలస్యమ్మ రాయి

మేరకపాడు గ్రామానికి తూర్పున, కాలువ గట్టును ఆనుకుని, తెల్లసున్నం వేసిన చిన్న ప్రార్థనా మందిరం ఉన్నది. వాకిలికి ఎడమవైపు, గోడ వారగా, మోకాలెత్తు రాతి దిమ్మె ఒకటి కనిపిస్తుంది. యాత్రికులు ఆలస్యమ్మ రాయి అని పిలిచేది దీనినే. పెళ్ళి ఆలస్యమైనవారు, సంతానం ఆలస్యమైనవారు, ఉద్యోగపు ఉత్తరం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారు ఆదివారం ఉదయం వచ్చి, ప్రసంగం ముగిసేవరకు దీని మీద మౌనంగా కూర్చుని వెళతారు. కులమత భేదం లేదు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరాదని గోడ మీద రాయించాము. కొట్టేవారు ఆ రాత లేని వైపుకు వెళ్ళి కొడుతున్నారు.

సంఘ కమిటీ కోరిక మీద ఈ చిన్న పుస్తకం రాస్తున్నాను. స్థల చరిత్ర అన్నాక ఒక మహర్షి తపస్సో, పశువుల కాపరికి దొరికిన విగ్రహమో ఉంటే బాగుంటుందని కమిటీలో ఒకరిద్దరు సూచించారు. క్రైస్తవ మందిరంలో అవి ఎక్కడినుంచి తేవాలో వారు చెప్పలేదు. ఈ చరిత్రలో ఉన్నది ఒక స్త్రీ, ఒక పాదిరి, ఆ పాదిరి నోటి దురద. ఆ పాదిరిని నేనే. నా పేరు గుర్రం ప్రకాశరత్నం. ఇరవై రెండేళ్ళు ఈ సంఘానికి కాపరిగా ఉండి విశ్రాంతి తీసుకున్నాను.

పూర్వం ఇక్కడ, అంటే మరీ పూర్వం కాదు, ముప్పై నాలుగేళ్ళ క్రితం, ఆదివారం మూడుసార్లు గంట కొట్టేవారు. మొదటి గంటకు జనం నిద్ర లేచేవారు. రెండో గంటకు నీళ్ళు కాచుకునేవారు. మూడో గంటకు రెండు మైళ్ళు నడిచి వచ్చేవారు వచ్చి కూర్చునేవారు. మందిరానికి ఎదురింటివారు కానుకల పాట మొదలయ్యాక వచ్చేవారు. ‘ఒక చిన్న ప్రార్థన’ అని లేచిన పెద్దమనిషి తిరిగి కూర్చునేసరికి అతని ఇంట్లో అన్నం అడుగంటేది. ఇలాంటివన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసుకుని ప్రసంగంలో చెప్పేవాడిని. జనం పడీ పడీ నవ్వేవారు. వాక్యం మరిచిపోయినా నా చమత్కారాలు వారమంతా టీ అంగడి దగ్గర చెప్పుకునేవారు. అది నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. ఇప్పుడు దాచుకుని ప్రయోజనం లేదు.

ఆ రోజుల్లో నేను కాలువలో బాప్తిస్మం ఇచ్చినవారిలో నాట్లకు వెళ్ళే కూలి మనిషి ఒకామె ఉంది. యాభై ఏళ్ళు ఉంటాయి, భర్త లేడు, పిల్లలు లేరు. తనకు ఒక మంచి పేరు పెట్టమని అడిగింది. నిరీక్షణమ్మ అని పెట్టాను. ఆ మాట పలకడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. పలకడం వచ్చాక అడిగినవారికీ అడగనివారికీ చెప్పుకునేది.

నిరీక్షణమ్మ ప్రతి ఆదివారం ప్రసంగం సగంలో ఉండగా వచ్చేది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉండేవి. తల వంచుకుని చివరి చాప మీద కూర్చునేది. ఒక ఆదివారం నేను ప్రభువు రెండవ రాకడను గూర్చి చెబుతున్నాను. ఆమె గడప దాటింది. నోరు ఆగలేదు.

“ప్రభువు ఏ గడియలో వస్తాడో ఎవరికీ తెలియదు. అయితే మన ఆలస్యమ్మ వచ్చేవరకు మాత్రం రాడు. మీరేమీ భయపడకండి,” అన్నాను.

మందిరం ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వినవారు మా సంఘపెద్ద జెకర్యాగారు. ఆమె కూడా కొంచెం నవ్వినట్లే కనిపించింది. సోమవారం సాయంత్రానికి ఊరంతా ఆమెను ఆలస్యమ్మ అనే పిలిచింది. ఎగతాళిగా కాదు, ముద్దుగానే పిలిచారు. అందుకే ఎవరూ మానలేదు.

మరుసటి ఆదివారం ఆమె లోపలికి రాలేదు. మందిరం కట్టగా మిగిలిన రాతి దిమ్మె గోడ పక్కన ఉంటే దాని మీద కూర్చుని ప్రసంగం విన్నది. ఆ తరువాతి ఆదివారమూ అంతే. లోపల ఉక్కగా ఉందేమో అనుకుని ఊరుకున్నాను.

మూడు నెలల తరువాత ఒక ఆదివారం, మొదటి గంట కొట్టకముందే, ప్రభు భోజన సంస్కారపు పాత్రల పెట్టె తాళంచెవి కోసం జెకర్యాగారి ఇంటికి వెళ్ళాను. ఆయన తల్లి రాహేలమ్మ పక్షవాతంతో ఏడేళ్ళుగా మంచం మీద ఉన్నది. పెరట్లో నిరీక్షణమ్మ ఆ ముసలామెను ఒడిలో ఆనించుకుని నీళ్ళు పోస్తున్నది. పక్కన ఉతకవలసిన పక్కబట్టలు కుప్పగా ఉన్నాయి. జెకర్యాగారి కోడలు పాటల బృందానికి ముందుగా వెళ్ళాలని జడ వేసుకుంటున్నది.

“ఆలస్యమ్మ ఉండబట్టేనండీ అయ్యగారూ, మేము మొదటి పాటకే అందుకుంటన్నాం. మా అమ్మకు నీళ్ళుపోసి, జావ తాపి, బట్టలుతికి అప్పుడొస్తది. తనను మొట్టమొదట ప్రార్థనకు పిలిచింది మా అమ్మేనంట, ఆ అభిమానం,” అన్నారాయన, తాళంచెవి వెతుకుతూ. ఆయనకు ఆ మాటలో ఏమీ తప్పు కనిపించలేదు.

ఆ రోజు నేనేమి ప్రసంగించానో నాకు గుర్తులేదు. ఆరాధన ముగిశాక ఆమె గుడిసెకు వెళ్ళి, తప్పు మాట అన్నానని, క్షమించమని అడిగాను. ఆమె కంగారుపడి నాకు పీట వేసింది.

“దాందేముందండీ అయ్యగారూ. అదీ మీరు పెట్టిన పేరే, ఇదీ మీరు పెట్టిన పేరే. రెండోదే బాగా అతుక్కుంది.”

“లోపలికి రా అమ్మా. నీ చోటులో కూర్చో.”

“లోపలికొస్తే అందరూ తిరిగి చూస్తారండీ. బయటైతే మీ మాట నాకు వినపడద్ది, నేను ఎవరికీ కనపడను.”

అందరి ముందు అన్న మాటకు గుడిసెలో క్షమాపణ చెబితే చెల్లదని నాకు అప్పుడే తెలిసింది. పేరు తీసింది ప్రసంగ వేదిక మీద. తిరిగి ఇవ్వవలసిందీ అక్కడే. ఇస్తే ఆమె లోపలికి వచ్చేది. చెప్పవలసిన నాలుగు మాటలు కాగితం మీద రాసి బైబిలులో పెట్టుకున్నాను. కానీ ఆ మాటలు చెబితే జెకర్యాగారి ఇంటి సంగతి బయటపడుతుంది. పెద్దమనిషి నొచ్చుకుంటాడని ఆ వారం ఆగాను. తరువాత కోతల పండుగ వచ్చింది, సంతోష సమయంలో ఎందుకనుకున్నాను. క్రిస్మస్ వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలలో అయితే సందర్భంగా ఉంటుందని తలచాను. అవీ వెళ్ళిపోయాయి. ఏడాది పైన రెండు నెలలు ఆ కాగితం బైబిలులోనే ఉన్నది. ఆమె రాతి మీదే ఉన్నది.

నాట్ల కాలంలో ఆమెకు జ్వరం తగిలి నాలుగు రోజుల్లో చనిపోయింది.

భూస్థాపన రోజున జెకర్యాగారు ఏడుస్తూ తన చేతులతో కొయ్య సిలువ చెక్కి, నల్లరంగుతో పేరు రాసి తెచ్చారు. ఆలస్యమ్మ అని రాసి ఉంది. పొరపాటు జరిగిందని ఎవరికీ తోచలేదు. ఆమెకు ఇంకొక పేరు ఉన్నదని సగంమందికి గుర్తే లేదు. అప్పుడు నేను కాగితం తీసి, జెకర్యాగారి ముఖం చూడకుండా, అంతా చెప్పాను. చక్కగానే చెప్పాను. ఊరంతా ఏడ్చింది. వినవలసిన మనిషి పెట్టెలో ఉన్నది. ఆ సిగ్గు నాకు ఈనాటికీ తగ్గలేదు.

తరువాతి కథ యాత్రికులకు తెలిసినదే. పొరుగూరి జయమణి అనే ఆమెకు పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లలు లేరు. తడిసిన చీరతో ఒక ముసలామె కలలో కనిపించి, “నా రాయి మీద కూర్చో, వస్తది,” అన్నదట. జయమణి మూడు ఆదివారాలు కూర్చుంది. ఏడాది తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. ఆలస్యమ్మ తల్లి మహిమ అన్నారు. మా సంఘ నియమాలలో మొక్కులకు చోటు లేదని నేను చెబుతూనే ఉన్నాను, జనం వస్తూనే ఉన్నారు. సమాధి మీద కొత్త రాయి వేయించి నిరీక్షణమ్మ అని చెక్కించాను. యాత్రికులు ఆ పేరు చదివి, ఇది ఎవరిదో అనుకుని, ఆలస్యమ్మ సమాధి ఎక్కడని నన్నే అడుగుతారు.

ఇప్పుడు మందిరంలో ఒక్కసారే గంట కొడుతున్నారు. ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చినా ప్రసంగం ఆపి “రండి, కూర్చోండి” అనడం, ఆపైన ఒక్క మాట కూడా అనకపోవడం ఇక్కడి ఆచారం. నా తరువాత వచ్చిన అయ్యగార్లు దీనిని తప్పకుండా పాటిస్తున్నారు. ఈ స్థలంలో నెమ్మదిగా కూర్చున్నవారికి వారు కోరిన మేలు కలుగుతుందని పెద్దల నమ్మకం. కలగాలని నేనూ ప్రార్థిస్తున్నాను.

అయితే ఒక మనవి. ఎవరికైనా క్షమాపణ చెప్పవలసి ఉండి, దానికి ధైర్యం అడగడానికి ఇక్కడికి వచ్చినవారు ఈ రాతి మీద కూర్చోవద్దు. పదకొండుంబావుకు గేటు ఎదుటే బస్సు ఉన్నది. ఎక్కి వెళ్ళండి.