గోడకి ఆనని వీపు

ఇంకా ఈనని ఒక గేదె పడ్డ పొదుగులో పాల కాలువ తయారవుతోంది. ఇబ్బందల్లా ఒకటే. కాలువ నిండా కణాలే, సందన్నది లేకుండా కూర్చున్నాయి. ఇలాగే ఉంటే రేపు ఈ పడ్డ ఈనాక దూడకి చుక్క పాలు దిగవు.

అక్కడొక కట్టుబాటుంది. వీపు కాలువ గోడకి ఆనినవాళ్లు ఉండొచ్చు, నడిమివాళ్లు ప్రాణం వదిలి దారివ్వాలి. ఆ కబురు చెప్పడం చాటింపు ప్రోటీన్ల పని. ఒక్కో నడిమి కణం లోపల ఒక్కో చాటింపువాడు పుడతాడు. పాపం, వాడి మొహం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

మన చాటింపువాడు పుట్టింది నట్టనడుమ ఉన్న పెద్దాయనలో. అందరికంటే ముందొచ్చి, కాళ్లు బారజాపుకుని, కాలువంతా తనదే అన్నట్టుండే కణం ఆయన.

“పెద్దయ్యగారూ, ఇక బయలుదేరాలండీ.”

“నేను గోడ తాలూకు మనిషినయ్యా.”

“గోడెక్కడ, మీరెక్కడ?”

“మా బావమరిది గోడకి ఆనుకునే ఉన్నాడు. వాడి భుజం మీద మా అల్లుడి చెయ్యుంది. అల్లుడి భుజం మీద నా చెయ్యుంది. ఇంకేం కావాలి?”

“ఆనాల్సింది వీపండీ, సిఫార్సు కాదు.”

పెద్దాయన విననట్టే నటిస్తూ వెనక్కి జరిగాడు. వీపుకి మెత్తగా ఏదో తగిలింది. “ఇదిగో, గోడ,” అన్నాడు.

“అది నా పొట్ట బాబాయ్. కాస్త ఊపిరాడనివ్వు,” అంది వెనకనున్న కణం.

పెద్దాయన మొహం వాడిపోయింది. “నేను పోతే ఇక్కడ ఏం పెడతారు?”

“ఏమీ పెట్టరండీ. ఖాళీగా ఉంచుతారు.”

“ఖాళీ కోసం నన్ను పొమ్మంటావా?”

చాటింపువాడికి తల కొట్టేసినట్టయింది. “ఆ ఖాళీలోంచే పాలు నడుస్తాయటండీ. నేనూ చూడను. పుట్టింది మీలోనే కదా, పోయేదీ మీతోనే.”

పెద్దాయన బారజాపిన కాళ్లు ముడుచుకున్నాడు. “ఒక్కణ్నే పంపించేస్తున్నారనుకుని ఇంత గొడవ చేశాను కదయ్యా. ముందే చెప్పొద్దూ? పద.”

ఆయన లేచాక నడిమివాళ్లంతా ఒక్కొక్కరే లేచారు.

రెండేళ్లకి ఆ పడ్డ ఈనింది. దూడ మూతి తగలగానే పాలు తోసుకుంటూ వచ్చాయి. “అబ్బ, ఎంత ఇరుకు. ఈ దారి వేసినవాళ్లకి ఇంకాస్త వెడల్పు వెయ్యాలని తోచలేదా?” అని విసుక్కుంది ముందున్న చుక్క.

గోడ వెంట ఉన్న కణాలు వీపులు ఇంకొంచెం గోడకి నొక్కి నిలబడ్డాయి.