బుడతకీచు దొర బూట్లు

"ఆ దొర నా సభలో బూట్లు విప్పాలి. విప్పేదాకా ఒప్పందపు పత్రం మీద నా ముద్ర పడదు."

సాలిరేవు రాజు పెద్దిభూపతి ఒకనాడు ఇలా పంతం పట్టి కూర్చున్నాడు. రాజులు పంతం పడతారు, కింద ఉన్నవాళ్లు పాట్లు పడతారు. లోకం తీరే అంత.

దొర పేరు బెర్నార్దో. పోర్చుగల్లు రాజు పంపిన రాయబారి. ఆ దేశంవాళ్లనే మనవాళ్లు బుడతకీచులనేవారు. మన రేవులో ఆరేళ్లుగా ఉన్నాడు కనుక తెలుగు బాగానే పట్టుబడింది. మనిషి చెడ్డవాడేం కాదు, మొండివాడు. "పరాయి రాజు ముందు బూట్లు విప్పవద్దని మా రాజు ఆజ్ఞ. విప్పితే నా ఉద్యోగం ఊడుతుంది" అని తేల్చి చెప్పేశాడు.

ఇద్దరు రాజుల మర్యాదల మధ్య నలిగిపోయింది మాత్రం రేవులోని అద్దకంవాళ్లు. దొర కోరాడని ఎనిమిది నెలలు చెమటోడ్చి, నాలుగువందల పూల దుప్పట్లు అద్దారు. ముద్ర పడనిదే సరుకు ఓడెక్కదు. మూడు రోజుల్లో గాలి తిరుగుతుంది, ఇక ఓడ కదలదు. ఆ తర్వాత వానలు. తడిగాలికి దుప్పట్లన్నీ బూజుపట్టి పోతాయి.

రాజుకు తాంబూలం అందించే అడపకత్తె ఓబమ్మది అద్దకంవాళ్ల వీధే. తమ్ముడు వీరన్న చేతులకు అంటిన ఎర్రరంగు ఇంకా వదల్లేదు. పత్రం సంగతి విన్నప్పటినుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు.

మర్యాదల మంత్రి సింగరామాత్యుడు మీసం దువ్వి ముందుకొచ్చాడు. ఆ మీసానికి ఉన్న పదును బుర్రకు ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"ఇద్దరు భటుల్ని పంపండి ప్రభూ, లాగి పారేస్తారు."

"ఓడ మీద పద్దెనిమిది ఫిరంగులున్నాయయ్యా" అన్నాడు రాజు. "వాడి ఒంటి మీద చెయ్యి పడకూడదు. బతిమాలకూడదు కూడా. వాడంతట వాడే విప్పాలి."

మంత్రి ఆలోచించి, జరీ పనిచేసిన ముఖమల్ చెప్పుల జత కానుకగా పంపాడు. అవి తొడుక్కోవాలంటే బూట్లు విప్పక తప్పదని ఆయన ఎత్తు. దొర వందనాలు చెప్పి, చెప్పుల్ని పెట్టెలో దాచుకున్నాడు. భార్యకు సరిపోతాయట.

అప్పుడు ఓబమ్మ ఆకు మడుస్తూనే అంది, "ప్రభూ, ఒక్క పూట సభ నాకు వదిలేయండి."

"ఆకులు చుట్టే దానికి రాయబారాలెందుకే?" అన్నాడు మంత్రి.

"మీరు దొరను చుట్టలేకపోయారు కదండీ, అందుకు."

రాజు నవ్వు ఆపుకొని, సరేనన్నాడు.

మర్నాడు దొరకు కబురు వెళ్లింది. పత్రం సిద్ధంగా ఉంది, రాజుగారి చేతినుంచి అందుకోవాలని. దొర రేవు బురదలో టకటకా నడుచుకుంటూ వచ్చాడు. చేప నూనె పట్టించిన నల్లటి బూట్లు మోకాళ్లదాకా ఉన్నాయి. గెలిచానన్న ధీమాతో సభ గుమ్మం దాటబోయి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేశాడు.

గుమ్మం దగ్గర్నుంచి సింహాసనందాకా, ఈ గోడనుంచి ఆ గోడదాకా దుప్పట్లు. ఎర్రటి పూలు, నీలం నెమళ్లు, లేత పసుపు తీగలు. వేలు మోపేంత నేల కూడా కనబడటం లేదు.

"ఇది నా సరుకు కదా" అన్నాడు దొర.

"తమదే దొరా" అంది ఓబమ్మ. "ముద్ర వేసే ముందు ప్రభువులు కళ్లారా చూడాలి కదా. లోపలికి దయచేయండి."

"పక్కకు తీయించమ్మా. నేను నడవాలి."

"తీసి మళ్లీ మడత పెట్టాలంటే రెండు రోజులు పడుతుంది. గాలి రేపో మాపో తిరుగుతుందని మీ ఓడవాళ్లే అంటున్నారు. ఫరవాలేదు, తొక్కుకుంటూ రండి. సరుకు తమది, బూట్లూ తమవే."

దొర బూట్ల వంక చూశాడు. దుప్పటి తెల్లటి అంచు మీద అప్పుడే ఒక చుక్క బురద రాలింది. దాంతో అతని ప్రాణం విలవిల్లాడింది.

"కానీ మా రాజు ఆజ్ఞ..." అని గొణిగాడు. "మరో రాజు కోసం నేను బూట్లు విప్పకూడదు."

ఓబమ్మ చేతులు జోడించింది.

"రాజు కోసం విప్పమని ఎవరన్నారు దొరా? మీ దుప్పట్ల కోసం విప్పండి."

దొర ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ మాట తమ రాజుకు ఉత్తరంలో ఎలా రాయాలో కూడా ఆ క్షణంలోనే తేల్చుకున్నట్టున్నాడు. గుమ్మంలోనే చతికిలబడి బూట్లు లాగేశాడు. మేజోడుకు చిల్లు. అందులోంచి బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. సభంతా గొల్లున నవ్వింది. ముందు ముఖం ఎర్రబడ్డా, చివరికి దొర కూడా నవ్వేశాడు. పూల మీద మెల్లగా అడుగులేస్తూ వచ్చి సింహాసనం ముందు నిలబడ్డాడు.

మంత్రికి మాత్రం మింగుడుపడలేదు. "ప్రభూ, వాడు మన కోసం విప్పలేదు. ఇది లెక్కలోకి రాదు."

"నేను విప్పమన్నది బూట్లనయ్యా, వాడి మనసును కాదు" అంటూ రాజు ముద్ర నొక్కి, పత్రం దొర చేతికిచ్చి, తన చేతి కంకణం తీసి ఓబమ్మకు తొడిగాడు. "ఇంకేం కావాలో అడుగు."

ఓబమ్మ సభంతా ఒకసారి కలయజూసింది.

"నాలుగువందల దుప్పట్లు గాలి తిరిగేలోగా మడవాలి ప్రభూ. మా వీధివాళ్ల చేతులు చాలవు. మంత్రిగారిని ఒక కొస పట్టుకోమనండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ సైగ చేశాడు. సింగరామాత్యుడు మీసం వదిలేసి, వంగి, నెమలి తోకవైపు కొస పట్టుకున్నాడు. రెండో కొస వీరన్న పట్టుకున్నాడు.