గాదె ముందు నోరు విప్పని కౌజుపిట్ట

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, జంతువులన్నీ కలిసి ఒక ఉమ్మడి గాదె పెట్టుకున్నాయర్రా. మంచి రోజుల్లో అందరూ అందులో గింజలు వేయాలి. ఆపదొస్తే పంచాయితీ పెద్దలు అందులోంచి తీసి ఇవ్వాలి. ఆ పెద్దల్లో పెద్ద, శూలయ్య అనే ముళ్లపంది. న్యాయస్థుడే గానీ, ఒక్క మాట పట్టుకుని వేలాడేవాడు. "అడగనిదే అమ్మైనా పెట్టదు. గాదె ముందున్న బండ దగ్గరికొచ్చి అడిగినవాళ్లకే సాయం" అనేవాడు.

ఆ ఏడు వాగు పొంగింది. ఎన్నో గూళ్లూ బొరియలూ కొట్టుకుపోయాయి. పెద్దలు బండ మీద కూర్చున్నారు.

ముందు కోతి వచ్చింది. "అయ్యో పెద్దయ్యా, నా కొమ్మ విరిగిపోయింది! నా బతుకు బుగ్గిపాలైంది!" అని గుండెలు బాదుకుంది. శూలయ్య కరిగిపోయి బుట్టెడు గింజలు ఇప్పించాడు. అడవిలో కొమ్మలకేం కరువురా అని ఒక్కరూ అడగలేదు!

తర్వాత అడవిపంది వచ్చింది, చుట్టాలందర్నీ వెంటేసుకుని. "నా బురదగుంట కొట్టుకుపోయింది" అంది. "అవునవును, మేం చూశాం" అని చుట్టాలు గోలగోల చేశారు. ఇంతమంది చెబుతున్నారు కదా అని శూలయ్య దానికీ బుట్టెడు ఇప్పించాడు.

మూడోది నూకాలు అనే కౌజుపిట్ట. పాపం, దాని మొగుణ్ణి వాగు మింగేసింది, పిల్లలతో ఒంటరిదైపోయింది. వచ్చి పొద పక్కన ఒదిగి నిలబడింది.

"ఏం నూకాలూ, ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు శూలయ్య.

పదిమందిలో అడగడానికి దానికి నోరు రాలేదు. "ఏదో, మీ దయవల్ల గడిచిపోతోంది పెద్దయ్యా" అంది తల దించుకుని.

"మంచిది తల్లీ" అన్నాడు శూలయ్య.

కోతి ఊరుకుంటుందా? "ఆవిడకి అక్కర్లేదుగా, ఆ మిగిలింది కూడా నాకిచ్చేయండి!" అంది. ఇచ్చేశారు. గాదె ఖాళీ అయిపోయింది.

సాయంత్రం ఇంటికి పోతూ, పలకరించి పోదామని శూలయ్య నూకాలు గూటి ముందు ఆగాడు. "రండి పెద్దయ్యా, కూర్చోండి" అంటూ నూకాలు ఆకులో కాసిని గింజలు తెచ్చిపెట్టింది. గడపకొచ్చినవాళ్లను ఉత్త నోటితో పంపడం దానికి తెలీదు.

శూలయ్య ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. పిల్లలు అతని నోటి వంకే చూస్తున్నాయి. రెండోది తీశాడు. పిల్లల మెడలు దాని వెంటే తిరిగాయి. మూడోది తీయబోతుంటే చిన్నపిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

"తాతా, మాకూ కొంచెం ఉంచుతావా?"

శూలయ్య తీయబోయిన గింజను ఆకులోనే వదిలేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. "మరి పొద్దున అడగలేదేం తల్లీ?" అన్నాడు.

"అందరి ముందూ చెయ్యి చాపలేకపోయాను పెద్దయ్యా" అని నూకాలు ఏడ్చేసింది.

శూలయ్య గబగబా ఇంటికెళ్లి, వానాకాలానికి తాను దాచుకున్నదంతా మోసుకొచ్చాడు. నూకాలు వద్దు వద్దంది. "ఇది దానం కాదమ్మా. మీ ఆయన గాదెలో వేసిన గింజల్ని నేనే ఎవరికో పంచేశాను. తప్పు నాది" అన్నాడు. పిల్లలు ఎగబడి తిన్నాయి.

మర్నాడు పెద్దలందర్నీ పిలిచి, "ఇకనుంచి బండ మీద కూర్చునేది లేదు. మనమే గూడు గూడుకీ తిరిగి చూడాలి" అన్నాడు.

"అడవంతా తిరగాలా? మనవల్ల అయ్యే పనేనా?" అని తాబేలు నసిగింది.

"ఆకలికి కాళ్లుండవు తాబేలు మామా. మనకున్నాయి. పద" అన్నాడు శూలయ్య.

నీతి: సాయం చేసే చోట కూర్చున్నవాళ్లు గట్టిగా ఏడ్చే నోటిని కాదు, ఖాళీగా ఉన్న గూటిని వెతుక్కుంటూ వెళ్లాలి.