ఆరు శ్రీలు, రెండు అరచేతులు

వీరకేసరి మహారాజుకి కోపం వస్తే మంత్రులకే ఇబ్బంది. పౌరుషం వస్తే ఊరంతటికీ.

ఆ రోజు పౌరుషం వచ్చింది. పొరుగు రాజ్యపు రాయబారి విందులో కూర్చుని, "మా పట్నంలో బడిపిల్లలు పంతొమ్మిదో ఎక్కం నిద్రలో కూడా చెబుతారు ప్రభూ" అన్నాడు. రాజుగారి నోటిదాకా వెళ్ళిన బూరె తిరిగి పళ్ళెంలోకి వచ్చేసింది.

"రేపు మన పట్నంలో ఏడు బడులూ చూద్దాం. మీరూ రండి. బాగా చెప్పిన బడికి కంచు గంట బహుమతి. అందరికంటే తీసికట్టుగా చెప్పిన బడికి తాళం!"

బడుల మీద అధికారి భీమశంకరం తలపాగా సర్దుకుంటూ లేచాడు. "ఆ తాళం కుమ్మరివీధి బడికే ప్రభూ. ఇప్పుడే చేయించవచ్చు."

ఆ స్థలంలో తన గుర్రాలకు ఇంకో సాల కట్టించాలని ఆయన రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

రాజుగారి వెనక తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ నాంచారుకి ఒళ్ళు మండింది. కుండలు అమ్మే ఇంట్లో పుట్టిన ఆమెకి నాలుగక్షరాలు వచ్చాయంటే ఆ బడి పుణ్యమే.

"అక్కడ గుర్రాలకి ఎక్కాలు చెప్పిస్తారా అయ్యగారూ?" అంది.

"నీ ఆకులు నువ్వు చూసుకోవే నాంచారూ" అన్నాడు భీమశంకరం.

సాయంత్రానికల్లా ఊళ్ళో దండోరా వేయించాడు. రాజుగారి బూర వినిపించేదాకా ఏ బడిలోనూ పిల్లలు గుమ్మం తొక్కకూడదు. ఎందుకయ్యా అంటే, గోల లేకుండా ఉండటానికట.

మర్నాడు రాజుగారు బయలుదేరారు. రథంవీధి బడిలో ముందు పీట మీద ఎర్ర తలపాగా పిల్లవాడు పంతొమ్మిదో ఎక్కం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. రాజుగారు కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ విన్నారు. రాయబారి పానకం తాగుతూ తలూపాడు. తర్వాత పూలదండలు, దీవెనలు, మళ్ళీ పానకం.

రెండో బడిలో పసుపు తలపాగా పిల్లవాడు అదే ఎక్కం కింద నుంచి పైకి చెప్పాడు. మూడో బడిలో ఆకుపచ్చ తలపాగా. ఐదో బడికి వచ్చేసరికి నీలం తలపాగా పిల్లవాడు ఎక్కం మధ్యలో ఆవలించాడు.

అప్పుడు చూసింది నాంచారు. పై వరసలో ముందు పన్ను లేదు. ఎర్ర తలపాగాకీ లేదు, పసుపు తలపాగాకీ లేదు.

'ఈ ఊళ్ళో తెలివైన పిల్లలందరికీ ఒకే పన్ను ఊడుతుందా ఏమిటి!' అనుకుంది. కానీ అధికారి మీద ఆకులందించే మనిషి మాట చెల్లుతుందా?

ఆరోది కుమ్మరివీధి బడి. ముందు పీట మీద మట్టికాళ్ళతో ఓ పిల్ల కూర్చుంది.

"నీ పేరేమిటే? నువ్వు ముందు కూర్చున్నావేం?" అన్నారు రాజుగారు.

"పైడి. బూర వినగానే నేనే ముందు ఉరికొచ్చాను" అంటూ అరచెయ్యి చాపింది. అందులో సిరాతో 'శ్రీ' అని రాసి ఉంది.

పంతులు సూరన్న చేతులు కట్టుకుని చెప్పాడు. "మొదట వచ్చినవాళ్ళకి చేతిలో శ్రీ రాస్తాం ప్రభూ. ఆ పూట ముందు పీట వాళ్ళదే, పెద్దలకు జవాబు చెప్పేదీ వాళ్ళే. పట్నంలో ఏ బడి అయినా ఇంతే. శ్రీ రాయనిదే పాఠం ఎత్తుకోం."

నాంచారు చేతిలో చుడుతున్న ఆకు సగంలో ఆగిపోయింది.

"పంతొమ్మిది ఎనిమిదులెంత?" అని అడిగారు రాజుగారు.

పైడి వేళ్ళు మడిచింది. "ఇరవై ఎనిమిదులైతే నూట అరవై... అందులోంచి ఓ ఎనిమిది తీసెయ్యాలి... నూట యాభై రెండు."

"దీనికింత సేపా!" భీమశంకరం పకపకా నవ్వాడు. "తాళం తెప్పించమంటారా ప్రభూ?"

సూరన్న పంతులు ముఖం వాడిపోయింది.

"ఇంకో బడి ఉంది కదా ప్రభూ" అంది నాంచారు. "అదీ చూశాకే వేయించండి. తాళం ఎక్కడికీ పారిపోదు."

ఏడో బడిలో పట్టు తలపాగా పిల్లవాడు ఎక్కం గడగడా చదివేశాడు. రాజుగారు శభాష్ అని తాంబూలం కోసం చెయ్యి చాపారు. నాంచారు ఇవ్వలేదు.

"ఈ బాబు చేతిలో శ్రీ కూడా ఓసారి చూసి వేసుకోండి ప్రభూ."

"ఎందుకులే, చెయ్యి మురికిగా ఉంటుంది" అన్నాడు భీమశంకరం గబగబా.

"మురికి కాదయ్యగారూ, సిరా."

"చాపరా!" అన్నారు రాజుగారు.

పిల్లవాడు వెనక్కి దాచుకున్న చేతులు మెల్లిగా ముందుకు తెచ్చాడు. ఎడమ అరచేతిలో మూడు శ్రీలు, కుడి అరచేతిలో రెండు. ఆరోదానికి చోటు చాలక మణికట్టు మీద రాశారు.

"ఇన్నెందుకురా?"

"బడికొకటి ప్రభూ. సందులోంచి గూడుబండిలో తెచ్చి అందరికంటే ముందు దింపారు" అని భీమశంకరం వైపు తిరిగాడు. "మామయ్యా, ఇంక బడులు లేవు కదా? ఆకలేస్తోంది."

రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. రాయబారి ముందే పరువు పోయిందాయె. నాంచారు తాంబూలం అందిస్తూ మెల్లిగా అంది:

"ఒక్క తాళం చాలదు ప్రభూ. ఈ బాబుకి జలుబు చేస్తే ఆరు బడులు మూసెయ్యాలి."

రాయబారికి పానకం పొలమారింది. రాజుగారు బిగబట్టి చూశారు కానీ ఆగలేక ఫక్కున నవ్వేశారు.

"గంట కుమ్మరివీధికి! ఇవాళ ఈ ఊళ్ళో లెక్క చేసింది పైడి ఒక్కతే. మిగిలిందంతా అప్పజెప్పడమే. ఈ పిల్లవాడికి ముందు బూరెలు పెట్టండి. నాంచారూ, ఇదిగో నా ఉంగరం. ఇక తాళం..."

"దాన్ని అయ్యగారి గుర్రపుసాలకి వేయిస్తే సరి" అంది నాంచారు. "నెల రోజులు కుమ్మరివీధి బడికి నడిచి వెళ్ళి లెక్కలు నేర్చుకుంటారు."

మర్నాడు తెల్లవారగానే ఆ బడి గుమ్మం అందరికంటే ముందు తొక్కింది భీమశంకరమే. సూరన్న పంతులు సిరాబుడ్డి ముందుకు జరుపుకుని, "చెయ్యి చాపండి" అన్నాడు. వెనక వరసలో పైడితో సహా పిల్లలంతా విరగబడి నవ్వారు.