చుక్కి ఆగిన చోటు

చెప్పిన పని చెప్పిన క్షణంలో జరగకపోతే ఎదుటివాళ్లను మొండివాళ్లని తేల్చేసే పంపాపతి, పట్నంలో ఉద్యోగం మానేసి, ఆలూరు దగ్గర నల్లరేగడి మైదానంలో మచ్చల గుర్రాలను పెంచుతూ ఉండేవాడు. ఆఫీసులో ఆయన కేక వేస్తే పాతికమంది లేచి నిలబడేవారు. గుర్రాలూ అంతేననుకున్నాడు. వాటికి జీతం కోస్తారన్న భయం ఉండదని పాపం ఆయనకు తట్టలేదు.

ఆ గుర్రాల్లో చుక్కి అనే ఆడగుర్రం ఉండేది. తెల్లటి ఒంటినిండా నల్లమచ్చలు. కడుపుతో ఉంది. పగలంతా కుక్కపిల్లలా ఆయన వెంట తిరిగేది. సాయంత్రం మేత నుంచి ఇంటికి మళ్లేటప్పుడు మాత్రం, దారికి అడ్డంగా ఉన్న చిన్న వాగు, ఆ వంక దగ్గరకు రాగానే కదలకుండా నిలబడిపోయేది.

"దీనికి ఒళ్లంతా మొండితనమే" అని పంపాపతి విసుక్కునేవాడు.

"పగలంతా చెప్పినట్టు వింటాంది కదండీ. సందేళకే ఎందుకు నిలబడతాందో చూడండి" అంది ఆయన భార్య నాగవేణి.

"చూసేదేముంది? నేను చెప్తున్నాను, అది వినడం లేదు. అంతే" అన్నాడాయన.

ఒకరోజు మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. చుక్కి వంక గట్టున ఆగిపోయింది. పంపాపతి పగ్గం లాగాడు, అరిచాడు. చివరికి పగ్గం కొసతో ఛెళ్లున కొట్టాడు. చుక్కి వణికింది. కొట్టినవాడి మాట విని ముందుకు అడుగేసింది. ఆ అడుగు కింద నేల లేదు. వంకలోని రాళ్ల మీదికి జారి పడిపోయింది.

పంపాపతి గబగబా కిందికి దిగాడు. ముంగాలి నుంచి రక్తం కారుతోంది. ఓదార్చబోయి ముఖం దగ్గరకు చెయ్యి చాపాడు. చుక్కి కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి అంత దగ్గరకు వచ్చినా రెప్ప పడలేదు. దానికి ఏమీ కనబడడం లేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

కబురందుకుని వచ్చిన పశువుల డాక్టరు కాలికి కట్టు కట్టాడు.

"ఈ మచ్చల గుర్రాల్లో కొన్నిటికి పుట్టుకతోనే రేచీకటి ఉంటుందండీ. పొద్దు వాలితే ఏమీ కనబడదు. కాలు విరగలేదు. కడుపులో పిల్ల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

ఆ పిల్ల భూమ్మీద పడేదాకా పంపాపతికి అన్నం సయించలేదు. క్షేమంగానే పుట్టింది. తల్లి కాలూ మానింది. కానీ ఆయన పగ్గం పట్టుకుంటే చాలు, చుక్కి బెదిరి వెనక్కి తగ్గేది. అది చూసినప్పుడల్లా ఆయనకు కళ్లనీళ్లు తిరిగేవి. పగ్గం వాడడం మానేశాడు. పొద్దు వాలకముందే గుర్రాలను మళ్లించేవాడు. ఎప్పుడైనా ఆలస్యమైతే చుక్కికి ముందు నడుస్తూ, "ఇక్కడ రాయుంది తల్లీ, ఇక్కడ పల్లముంది" అని చెప్తూ వచ్చేవాడు.

చాలా నెలలకు, ఒక మునిమాపు వేళ, చుక్కి తన మూతిని ఆయన భుజానికి ఆనించి ఆ మాట వెంటే వంక దాటింది.

"మొండిది దారికొచ్చిందే" అని ఎదురొచ్చిన నాగవేణి నవ్వింది.

"దానికి కనబడలేదు. నేను అడగలేదు" అన్నాడు పంపాపతి.

ఆగిపోయినవాళ్లను మొండివాళ్లని తిట్టే ముందు, వాళ్లకు దారి కనబడుతోందో లేదో తెలుసుకోవాలి.